లేదన్న పువ్వు, మా గౌరి మేక

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో రాస్తోంది.

ఈ కొండల్లో ఇక లేదనుకున్న ఊదారంగు పువ్వొకటి నిన్న మా కొండ మీద ఓ కాలేజీ మేడమ్‌కు కనబడింది. ఈ రోజు ఆమె కెమెరాతో వచ్చేసరికి మా మేక గౌరి ఆ మొక్కను మొదలంటా నమిలేసింది.

"ఉన్నదే ఒక్క మొక్క! మేకను కట్టేసుకోకూడదా?" అంటూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏటమ్మా, లేదన్న పువ్వుని తినొద్దని మేకకెలా సెప్పీది? దానికి రుసి తగిలితే ఒగ్గదు, ఎక్కడున్నా ఎతుక్కుంటాది. ఏడుపాపి దాని ఎనకాల రా!" అన్నాను.

చేత్తో పట్టుకున్న దాని పలుపు వదిలేశాను. గౌరి సరాసరి పెద్దబండ వెనక్కి పరుగెత్తింది. అక్కడ వాలంతా ఊదారంగే! మేడమ్ నవ్వుతూ పూలకంటే ముందు గౌరినే ఫోటో తీసింది.

రేపు అక్కడ కంచె వేస్తారట, మేకలు రాకుండా. వెతికిపెట్టినదాన్నే బయట నిలబెట్టడం ఏం న్యాయమో మీరే చెప్పండి.