మర్యాదకు అన్న మాట

శుక్రవారం పొద్దున్న మొదటి క్లాసుకు బయలుదేరుతుంటే మా అత్త కొడుకు, బావ, ఫోను చేశాడు. "అమ్మ ఎల్లిపోయిందే," అన్నాడు. భిలాయి క్యాంప్ 1 బస్తీలో వాళ్లింటి గుమ్మంలో, ఎడమ చేత్తో టీ గ్లాసు పట్టుకుని కూర్చుందట. టీ చల్లారిపోయింది గాని తాగలేదు. గుండె అన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆయన నోట ఆ మాట వినకుండానే పోయిందే అని కోపం వచ్చింది.

ఆయనెవరో, ఆ మాటేమిటో చెబుతాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనసు మెత్తబడుతుందంటారు. నాకు మెత్తబడలేదు. మన తెలుగువాళ్ల ఈ పత్రిక ఆయనింటికి కూడా వెళుతుందని తెలిసే రాస్తున్నాను.

అత్త మా నాన్నకు చెల్లెలు. విజయనగరం వైపు నుంచి పెళ్లై భిలాయి వచ్చింది. మామయ్య పోయాక హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్‌లో తోలు గ్లౌజులు కుట్టడానికి చేరింది. వేడి ఇనుము దగ్గర పనిచేసేవాళ్లు వేసుకునే మందపాటి గ్లౌజులవి. "నాలుగు వేళ్లు ఎవులైనా కుడతారు. బొటనేలు దగ్గరే తెలుస్తాది," అనేది. బొటనవేలు విడిగా కుట్టి అతకాలట. చర్చిలో ఎవరు చెయ్యి కలిపినా ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుని కొలత చూసేది. నేను దుర్గ్‌లో కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. నా చెయ్యి పట్టుకుని, "ఇది చాక్‌పీసు సెయ్యి. ఇలాటి సైజు మా సేఠ్ దగ్గర దొరకదు," అని నవ్వేది.

కుట్టిన గ్లౌజును లోపలిది బయటికి వచ్చేలా తిరగెయ్యాలి. దానికో నిలువు కడ్డీ ఉండేది. వేళ్లను ఒక్కొక్కటే దాని మీదికి తొడిగి, అరచేతి మొదలుతో గట్టిగా నొక్కాలి. ఏళ్ల తరబడి అదే పని. కుడి అరచేయి తిమ్మిరెక్కడం మొదలైంది. నిద్రలో లేచి చెయ్యి విదిలించుకునేది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, చిన్న ఆపరేషన్‌తో పోతుందనీ డాక్టరుగారన్నారు. మన తెలుగాయనే, మన చర్చికొచ్చే ఆయనే. అందుకే అత్త రెండో మాట అడగలేదు.

కట్టు విప్పాక తిమ్మిరి తగ్గింది. కాని బొటనవేలు చిటికెనవేలి వైపు రావడం మానేసింది. ఆపరేషన్‌కు ముందురోజు నాకు జడ వేసిన చెయ్యి అది. నెలలు గడిచేకొద్దీ బొటనవేలి కింద కండ కరిగి గుంట పడింది. జాకెట్ హుక్కు పెట్టుకోలేదు, సూది పట్టుకోలేదు.

డాక్టరుగారు, "ఆపరేషన్ వల్ల కాదమ్మా, ఇన్నేళ్ల పని. నరం ముందే ఎండిపోయింది," అన్నారు. యూనిట్ యజమాని సేఠ్, "కామ్ సే నహీ, ఆపరేషన్ సే బిగడా," అన్నాడు, పని వల్ల కాదు, ఆపరేషన్ వల్లే చెడిందట, ఇంక రావద్దన్నాడు. అత్త చెయ్యి ఎవరిదీ కాకుండా పోయింది.

"ఇద్దర్నీ ఒక గదిలో ఎట్టి తలుపేసీయాల," అనేది అత్త. "ఎవులు గెలిస్తే ఆళ్లు బయటికి రావాల."

కొన్నాళ్లకు ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. డాక్టరుగారు ఆపరేషన్ అయినవాళ్ల మీద ఏదో పరిశోధన చేస్తున్నారట. నేను పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. "చెయ్యి బాగుందా అమ్మా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"బాగుందమ్మా. నువ్వు బాగున్నావా? ఏటైనా తిన్నావా?" అంది అత్త.

మనలో ఎవరైనా అదే అంటాం కదా. నాకూ తప్పుగా తోచలేదు.

తరువాత భిలాయిలోనే మరోదా అనే పేటలో మన తెలుగువాళ్ల సభ ఒకటి జరిగింది. చిన్న యూనిట్లలో పనిచేసేవాళ్ల చేతుల మీద తాను చేసిన పరిశోధన గురించి డాక్టరుగారు మాట్లాడారు. టిఫిను ఉందంటే అత్తను నేనే తీసుకెళ్లాను. తెర మీద ఒక చేతి బొమ్మ వేశారు. మణికట్టు దగ్గర సన్నటి గీత, చక్కగా మానింది. ఆపరేషన్ చేయించుకున్న వారినందరినీ అడిగామనీ, అందరూ బాగుందన్నారనీ, ఏ చిక్కూ రాలేదనీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టబోయాను.

"ఓలమ్మా, అది నా సెయ్యే," అంది అత్త నా చెవిలో.

"నీకెలా తెలుసు?"

"ఆ మచ్చ సూడు. గారెలేయిస్తంటే నూనె పడ్డాది గదేటి!"

తెర మీద ఆ చెయ్యి కదలదు. కదలని చెయ్యి ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది.

టీల దగ్గర డాక్టరుగారు మమ్మల్ని చూసి నవ్వారు. "ఎలా ఉన్నారమ్మా?"

"బాగాలేను బాబూ," అంది అత్త.

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఆయన తడబడ్డారు. "అదేమిటమ్మా, ఫోన్లో బాగుందన్నారు కదా!"

"అది మర్యాదకన్నాను బాబూ. మర్యాదని కూడా లెక్కలో ఏసుకుంటారని నాకేటి తెలుసు?"

"సరే, ఒకసారి వచ్చి కలవండి," అని ఆయన వేరే ఎవరితోనో మాట్లాడుతూ వెళ్లిపోయారు. రెండుసార్లు వెళ్లాం. ఆయన కలవలేదు.

ఆ రోజు నుంచి అత్త ఎవరితోనూ బాగున్నానని అనలేదు. చర్చి పాస్టరు అయ్యగారు, "ఎలా ఉన్నారమ్మా?" అంటే, "బాగాలేనయ్యగారూ, ఈ రోజు వాక్యం బాగా సెప్పారు," అనేది. కూరగాయల బండివాడు, "క్యా హాల్ హై దీదీ?" అంటే, "ఖరాబ్ హై భయ్యా. భిండీ కైసే దియా?" అని, బాగాలేదని చెప్పేసి బెండకాయల ధర అడిగేది. ఏడుపు మొహంతో కాదు, నవ్వుతూనే. ఆదివారాలు ఆరాధన అయ్యాక డాక్టరుగారు బయటికొచ్చే దారిలో నిలబడేది. పదిమందిలో పలకరించకపోతే ఆయనకు బాగుండదు. పలకరిస్తే అత్త జవాబు చెప్పేది. కొన్నాళ్లకు ఆయన పక్క తలుపులోంచి వెళ్లడం మొదలుపెట్టారు. అత్త పక్క తలుపు దగ్గరికి మారింది.

నాకు సందేహాలెక్కువ. కత్తి తగిలిందో, నరం నిజంగానే ముందే చచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి ఆ మాటే అత్తతో అన్నాను.

"కప్పల్ని కోసినదానివి గదా, నువ్వే సెప్పు మరి," అంది.

"చెప్పలేను అత్తా."

"సూసావా? తెలీదంటే నాకు కోపం నేదే. ఆయనా తెలీదననీ. బాగుందని రాసుకున్నాడు సూడు, అదీ నా కోపం. ఈ సెయ్యి బాగానేదని ఆయన నోటితో ఒక్కసారి అంటే, బస్, మరి ఏటొద్దు."

మరోసారి ఎవరి భూస్థాపనకో వెళ్లి ఆటోలో వస్తున్నాం. మనవాళ్లలో పెట్టెలో పెట్టేముందు చేతులకు తెల్ల గ్లౌజులు వేస్తారు కదా. అత్త ఉన్నట్టుండి, "నా కుడిసేతికి అదెయ్యొద్దు. ఆయన వస్తాడు. సూడనీ," అంది. నేను నవ్వేశాను. అత్త నవ్వలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ తెల్ల గ్లౌజులు వచ్చాయి. ఎడమ చేతికి వేసి, కుడిది నా బ్యాగులో పెట్టేసుకున్నాను. బావ భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఏటిది అక్కా? ఒక సెయ్యి ఇలాగ, ఒక సెయ్యి అలాగ! అందరూ ఏటనుకుంటారు? సచ్చిపోయినా పగేనా?"

అవును, పగే అన్నాను. అన్నాక భయమేసింది. ఈ పగ అత్తదా, నాదా? అయ్యగారు ఆ రోజు క్షమాపణ గురించే మాట్లాడారు. వింటూ కూర్చున్నాను. బ్యాగు జిప్పు మాత్రం తియ్యలేదు.

డాక్టరుగారు వచ్చారు. పూలగుత్తి తెచ్చి, తల వంచి, సరిగ్గా ఆ కుడి చేతి మీద పెట్టారు. కావాలని పెట్టారో, అక్కడ చోటుందని పెట్టారో చెప్పలేను. నేను వెళ్లి ఆ పూలు తీసి అత్త పాదాల దగ్గర పెట్టాను. గుంట పడిన అరచేయి, పక్కకు వాలిపోయిన బొటనవేలు, నూనె మచ్చ, మణికట్టు మీద సన్నటి గీత. అన్నీ కనిపిస్తున్నాయి. ఆయన చూశారు. తెర మీద చూపించినంతసేపు చూశారు.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా. మా వైపు తిరిగి, అలవాటు కొద్దీ, "మీరంతా బాగున్నారా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే బావ భార్య అంది, అంతకుముందే నాతో పోట్లాడిన మనిషే అంది.

"బాగాలేమండీ."

ఆయన ఆ చేతి వైపు మళ్లీ చూసి, చేతులు కట్టుకుని వెనక్కి జరిగారు. మావాళ్లు పెట్టె మూశారు.

కుడి గ్లౌజు నా బ్యాగులోనే ఉండిపోయింది. నిన్న సాయంత్రం తీసి, అత్త చేసేట్టే తిరగేసి కుట్టు చూశాను. బొటనవేలు దగ్గర వంకరగా కుట్టారు. అత్త అయితే విప్పి మళ్లీ కుట్టేది. బల్ల మీద పెట్టాను. నాలుగు వేళ్లూ వాలిపోయాయి. బొటనవేలు మాత్రం పడుకోకుండా అలాగే నిలబడింది.