పటకారు పట్టిన జడ్జి

ఒహాయోలో మిల్‌బ్రూక్ ఊళ్లో ఒక మేడమీది గదిలో అలాంజో పెక్ రెండు పనులు చేసేవాడు. పొద్దున్న పళ్లు పీకేవాడు, ఎండ బాగా కాసే వేళ వెండి పూత రేకు మీద ఫోటోలు తీసేవాడు. రేకు మీద బొమ్మ పడేదాకా మనిషి కదలకూడదు. కుర్చీ మాత్రం ఒక్కటే. తల కదలకుండా వెనకనుంచి ఇనప కొక్కెం పట్టి ఉంచే ఆ కుర్చీ రెండు పనులకూ సరిపోతుంటే, ఇంకోటి కొనడం దండగని అతని లెక్క.

పళ్లు పీకడమంటే అతనికి పరమ అసహ్యం. ఎదుటివాడు కేక పెడితే ఇతని కళ్లలో నీళ్లు తిరిగేవి, ఆ పూట అన్నం సయించేది కాదు. పీకేది నీ పన్ను కాదు కదయ్యా అని పెళ్లాం లోవినా వేళాకోళం చేసేది. ఫోటోలతోనే ఇల్లు గడిస్తే చాలని అతని ఆశ. కానీ డాక్టరు మందుల పెట్టె ఒళ్లో పెట్టుకున్నా, పాస్టరు బైబిలు పట్టుకున్నా, ఆ కుర్చీలో మొహాలు ఉరికంబం ఎక్కబోతున్నట్టే పడేవి.

ఇంతలో కొత్త కోర్టులో పెట్టడానికి జడ్జి హోరేషియో బ్లిస్ ఫోటో కావాలన్నారు. ఇది కుదిరిందా, చుట్టుపక్కల వకీళ్లంతా తన మెట్లెక్కుతారు. చెడిందా, జన్మంతా పళ్లు పీకుడే.

జడ్జి చట్టం పుస్తకం పట్టుకుని దర్జాగా వచ్చి కూర్చున్నాడు. కొక్కెం మెడకు తగిలిందో లేదో, చెయ్యి దానంతటదే దవడ మీదికి పోయింది. కిందటేడు ఆయన పన్ను పోయింది ఆ కుర్చీలోనే మరి. ఒక రేకు పాడైంది, ఇంకోటీ పాడైంది. బయట మబ్బు పడుతోంది.

"ఎదురుగా అది వేలాడుతుంటే కుదురుగా ఎలా కూర్చోమంటావోయ్?" అన్నాడు జడ్జి, గోడమీది పళ్లు పీకే పటకారు చూపిస్తూ.

అలాంజో దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మీరే పట్టుకోండి. మీ చేతిలో ఉంటే నా చేతిలో లేనట్టేగా."

జడ్జి మొహం తేటపడింది. మబ్బు కమ్మేలోపు అలాంజో పని కానిచ్చాడు. రేకు కడిగి చూస్తే అంత నిండైన మొహం అతను ఎప్పుడూ తీయలేదు. కాకపోతే హడావుడిలో పటకారు సంగతి మరిచాడు. ఫోటోలో జడ్జి గుండెల మీద అది తళతళా మెరుస్తోంది. ఊరంతా నవ్వుతుంది, పని పోయినట్టేనని అతను చతికిలబడ్డాడు.

జడ్జి రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదే పెట్టిస్తా. అబద్ధాల సాక్షులు దారికొస్తారు."

పటకారు జేబులో వేసుకుని మెట్లు దిగుతున్నాడు. అలాంజో వెంటపడి అది తనదేనని గుర్తుచేశాడు.

"నీకెందుకయ్యా? నా పన్ను పీకిన రోజు నాకంటే నువ్వే ఎక్కువ ఏడ్చావు. ఫోటోలు తీసుకో" అన్నాడాయన.

వారం తిరక్కుండా వకీళ్లు వరస కట్టారు. వాళ్ల మధ్య ఒకాయన బుగ్గ వాచి మూలుగుతూ వచ్చాడు. అలాంజో అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పక్కూరి పళ్ల డాక్టరు ఇంటికి దారి చెప్పాడు.

"ఏం చెయ్యనండీ, పటకారు కోర్టు స్వాధీనంలో ఉంది" అన్నాడు, నవ్వాపుకోలేక.