రోజుకో పచ్చి వెర్షన్

తోటివాళ్లు ఆయనకు తొందరయ్య అని పేరు పెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు. చూపులేనివాళ్లకు కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను ఆయన మరికొందరితో కలిసి తయారుచేసి, ఊరికే పంచిపెట్టేవాడు. అసలు వెర్షన్ ఏడాదికొకసారి వచ్చేది. ఈలోగా వాడి చూసి తప్పులు చెప్పమంటూ పచ్చి వెర్షన్లు వదలాలి కదా, వాటిని మాత్రం రోజూ పొద్దున్నే వదిలేవాడు. “నెలకొకటి చాలదా మహానుభావా?” అని తోటివాళ్లు మొత్తుకున్నా చెవిన పెట్టేవాడు కాదు.

కారణం వాళ్లక్క. చిన్నప్పుడే చూపు పోయిన ఆవిడ ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. తమ్ముడు వదిలిన ప్రతి వెర్షన్‌నూ డ్యూటీ ఎక్కగానే కంప్యూటర్లో వేసుకుని, సాయంత్రం ఫోన్ చేసేది.

“ఒరేయ్, ఇవాళ్టిది గుక్క తిప్పుకోకుండా వాగుతోందిరా. అచ్చం నీలాగే!”

ఆ తిట్టు కోసమే ఈయన ఆరాటమంతా. పైకి చెబితే నవ్విపోతారని చెప్పలేదు, అంతే.

ఒక సాయంత్రం ఫోన్ రాలేదు. మర్నాడు గాభరాగా ఆసుపత్రికి పరిగెత్తాడు. ముందురోజు పచ్చి వెర్షన్ అంకెలు చదవడం మానేసిందట. డాక్టర్ల నంబర్లు వినపడక కాల్స్ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇంకోసారి ఇలా జరిగితే ఆ ఆపరేటరు సీటు వేరేవాళ్లకు ఇచ్చేస్తానని సూపరింటెండెంట్ అక్క మొహం మీదే చెప్పాడట. ఆ సీటంటే అక్కకు ప్రాణం.

“ఇలాంటివి పనిలో ఎందుకు పెట్టుకున్నావక్కా? ఇంట్లో చూస్తే సరిపోయేదిగా!”

“పనిలో పెడితేనే కదరా దాని బండారం బయటపడేది.”

“పోనీ, రోజూ వద్దని ఒక్క మాట అనొచ్చుగా?”

“అంత సంబరంగా పంపిస్తుంటే ఎలా అనను? నీ మనసు చిన్నబోదూ?”

ఆవిడ ఫోన్ కోసం తను రోజూ వదలడం, తన మనసు కోసం ఆవిడ రోజూ వేసుకోవడం! ఇద్దరూ ఇద్దరే.

ఇకమీదట నెలకొకటే అని ఆరోజే ప్రకటించాడు. తోటివాళ్లు నమ్మలేక రెండుసార్లు అడిగారు.

మర్నాడు సాయంత్రం ఇల్లు బోసిగా అనిపించింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, పెట్టేశాడు, మళ్లీ తీసుకున్నాడు. తనంతట తాను అక్కకు ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో గుర్తు రాక సిగ్గేసింది.

“అక్కా, ఇవాళ కొత్త వెర్షన్ ఏమీ లేదు.”

“తెలుసులేరా. నువ్వెలా ఉన్నావో చెప్పు.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.