పంచె కప్పుకున్న పడవ

బతికున్న మనిషి కోసం ఊరు ఊరంతా చేరి శోకాలు పెట్టేలా చేసిన ఘనత పావగడ తాలూకాలో నా ఒక్కడిదే. అందుకు నేను వాడిన ఆయుధం కారు మీద బిగించే ర్యాక్. నవ్వండి, పరవాలేదు. నేనూ చాన్నాళ్ళు నవ్వాను.

మాది నాగలమడిక దగ్గర పల్లె. తిరుమణి వైపున్న చేను సోలార్ కంపెనీకి లీజుకిచ్చి, నేనూ అక్కడి ప్లాంటులోనే పనికి కుదిరాను. అంటే ఎండను అమ్ముకుని బతికేవాళ్ళం. అలాంటి ఊళ్ళో మా చిన్నాయనకొక పిచ్చి కోరిక. నీళ్ళ మీద కూర్చుని పోవాలట! గొర్రెలు కాచుకుంటూ పినాకిని ఏటి ఇసుకలో బతుకంతా నడిచినవాడాయన. మా నాన్న పోయాక నన్ను భుజాల మీద మోసి పెంచినవాడు కూడా ఆయనే.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. ఏరు గట్లు ఒరుసుకుంటూ వచ్చింది. సరిగ్గా అప్పుడే మా ప్లాంటు ఇంజనీరొకాయన బదిలీ మీద పోతూ తన కయాక్ నాకిచ్చేశాడు. కయాక్ అంటే రెండు కొసలూ సూదిగా ఉండే ప్లాస్టిక్ పడవ, ఒక మనిషి కూర్చుని తెడ్డు వేసుకోవచ్చు. పడవ తుమకూరులో ఆయన ఇంట్లో ఉంది. నా దగ్గర పాత కారుంది. తెచ్చుకోవడమే తరువాయి.

"రెండు గోనెసంచులు పరిచి, శెనక్కాయ మూటలు కట్టే తాడుతో బిగిస్తే పాయె గదా" అంది మా ఆవిడ సుజాత.

"నీకేం తెలుసు? దానికొక పద్ధతి ఉండాది" అన్నాను.

ఆ పద్ధతి కోసం ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. పెళ్ళిచూపుల్లో తనను కూడా అంత పరీక్షగా చూడలేదని సుజాత ఇప్పటికీ దెప్పుతుంది. ముందు కారు పైన అడ్డకడ్డీలు బిగించాలి. వాటి మీద కొక్కేల్లాంటివి పెడితే పడవ పక్కకు ఒరిగి నిలబడుతుంది. జీను లాంటి మెత్తలు పెడితే వెల్లకిలా పడుకుంటుంది. నిలబెట్టడమా, పడుకోబెట్టడమా? వారాల తరబడి నాకు ఇదే ధ్యాస. ఒకటి తెప్పిస్తే నా కారుకు పట్టలేదు, తిప్పి పంపాను. ఇంకొకటి తెప్పిస్తే బోల్టులు రాలేదు.

రోజూ సాయంత్రం చిన్నాయన వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"వచ్చినాదా నాయనా పడవ?"

"వస్తాది చిన్నాయనా. ర్యాక్ కుదరల్ల."

"ఏట్లో నీళ్ళు తగ్గుతాండాయప్పా."

"నీళ్ళు యాడికి పోతాయిలే!"

యాడికి పోతాయో ఆయనకు తెలియనిదా? పాపం, మళ్ళీ అడగడానికి మొహమాటపడి బీడీ వెలిగించుకునేవాడు.

ఈలోగా ఆయనకు ఆయాసం ముదిరింది. తుమకూరు ఆసుపత్రిలో చేర్చాం. గుండె బలహీనపడిందన్నారు డాక్టర్లు. మంచం మీద కూడా ఆయన అడిగింది ఏటి సంగతే. అప్పుడు పుట్టింది నాకు భయం. ఆ ఊళ్ళోనే ఒక దుకాణానికి పరిగెత్తాను.

"ఇది తీసుకోండి సార్" అని మెత్తల రకం చూపించాడు దుకాణదారు. "మనిషి పరుపు మీద నిద్రపోయినట్టు కదలకుండా పడుకుంటుంది."

ఆ మాట దగ్గరైనా నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

చిన్నాయనను ఇంటికి పంపే రోజు పొద్దున్నే పడవను కారెక్కించాను. ఎండకు ప్లాస్టిక్ పాడవుతుందని ఇంజనీరు ముందే హెచ్చరించాడు. అందుకని చిన్నాయన కోసం కొన్న కొత్త తెల్లపంచె విప్పి, పడవకు ఆ కొస నుంచి ఈ కొస దాకా కప్పి, మూడుచోట్ల బెల్టులు బిగించాను. బండికి కొత్త సామాను బిగిస్తే పూజ చెయ్యకుండా మనం కదులుతామా? పైన ఒక బంతిపూల దండ వేశాను. ముందు కడ్డీకి ఊదొత్తులు కట్టి వెలిగించాను. మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

"పైన పడవుండాది చిన్నాయనా" అంటే ఆయన నిద్రమత్తులోనే నవ్వి, వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు.

దారి పొడుగునా ఏం మర్యాదలు! మధుగిరిలో టీ తాగుతున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. బైకుల మీద పోయేవాళ్ళు పక్కకు తప్పుకుని దండం పెట్టారు. కొత్త ర్యాక్‌కు ఇంత గౌరవమా అనుకుని నేనూ తల ఊపుతూ పోయాను. పావగడ దాటాక మా ఊరి హనుమంతు ఎదురొచ్చాడు. కారు పైకి చూశాడు, నా ముఖం చూశాడు, బైకు తిప్పి ఊరివైపు దూసుకుపోయాడు. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో పోయినవాళ్ళను మా వైపు జీపు మీద కట్టి తెచ్చేవాళ్ళు. ఊరు అది మరిచిపోలేదు. నేనే మరిచిపోయాను.

మా వీధిలోకి తిరిగేసరికి చిన్నాయన ఇంటి ముందు నిప్పు వేసి ఉంది. చావుకు డప్పు కొట్టే పలకలవాళ్ళు కూడా వచ్చేశారు. చిన్నమ్మ గడపలో కూలబడి రెండు చేతులూ ద్వారబంధానికేసి కొట్టుకుంటోంది. గాజులన్నీ పగిలిపోయాయి. నేను దిగీ దిగగానే హనుమంతు వాటేసుకున్నాడు.

"ఎప్పుడు పాయెనప్పా ప్రాణం?"

"ఎవురి ప్రాణం?"

"అయ్యో, వీనికి మతి చెడినాది!"

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. ఏడుపులకు నిద్ర చెడిన చిన్నాయన తల బయటపెట్టాడు.

"ఎవురప్పా పోయింది?"

పక్కింటి లక్ష్మక్క చెప్పింది.

"నువ్వే మామా."

ఆ తర్వాత నేను తిన్న తిట్లు రాస్తే ఈ పత్రిక మూసేస్తారు. వచ్చినందుకు పలకలవాళ్ళు ఒక దరువు వేసి మరీ పోయారు. ఊరంతా పడీ పడీ నవ్వింది. చిన్నాయన నవ్వలేదు. గాజుముక్కలు పక్కకు నెట్టి చిన్నమ్మ దగ్గర కూర్చున్నాడు. గీరుకుపోయిన ఆమె చేతులు తువ్వాలుతో తుడిచాడు.

"నా కోసరం ఇంత ఏడుస్తావని తెలిసుంటే, ముందే ఒకసారి సచ్చి సూసేవాణ్ణి గదే" అన్నాడు.

ఆమె ఏడుస్తూనే ఆయన నోటి మీద ఒకటి వేసింది.

మరుసటి రోజు ఏటికి పోయాం. నేను ర్యాక్ ఎంచుకుంటూ కూర్చుంటే ఏరు తన దారిన తాను వెళ్ళిపోయింది. గొర్రెలు తాగే మడుగొకటి మిగిలింది, మోకాలిలోతు. చిన్నాయనను పడవలో కూర్చోబెట్టి తాడు పట్టి లాగాను. నాలుగు బారలు పోయి, పడవ అడుగు ఇసుకలో దిగబడింది. ఆయన నీళ్ళలో చెయ్యి ముంచి చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

"సాల్లేప్పా. నీళ్ళ మీద పోతిని" అన్నాడు.

నన్ను ఓదార్చడానికే అన్నాడు. ఆ మడుగులో నిలబడి నేను ఏడ్చాను.

ఎండలు ముదరకముందే మళ్ళీ తుమకూరు పోవాల్సి వచ్చింది. ఈసారి చిన్నాయన అంబులెన్సులో తిరిగొచ్చాడు. వెనకాలే ఖాళీ ర్యాక్‌తో నా కారు. ముందే ఫోన్ చేసి చెప్పినా ఇంటి ముందు నిప్పు లేదు, పలక లేదు. "మళ్ళా పడవేలే" అనుకున్నారట. చిన్నమ్మ చేతుల నిండా కొత్త గాజులతో ఎదురొచ్చింది. అంబులెన్సు వైపు చూడనైనా లేదు. నేరుగా నా కారు దగ్గరికి వచ్చి వెనక తలుపు తీసింది.

"లెయ్, ఊరొచ్చినాది" అంది, ఖాళీ సీటు వైపు చూస్తూ.

ర్యాక్ ఆ వారమే ఊడదీశాను. పడవ దొడ్లో ఉంది, చిన్నాయన గొర్రెలు దాంట్లోనే నీళ్ళు తాగుతున్నాయి. కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఆ గొర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో కారు మీద తెల్లబట్ట కప్పను. ఏ ర్యాక్‌కూ దండ వెయ్యను. మళ్ళీ ఏరొచ్చిందని తెలిస్తే వీడియోలు చూడను, దుకాణాలు తిరగను, పడవను నెత్తిన పెట్టుకునైనా ఆ క్షణమే పరిగెత్తుతాను. ఎక్కడానికి చిన్నాయనే లేడు.