ఎద్దు కాలికి పోయిన మందుల డబ్బా

కొండలెక్కడానికి పోయేవాళ్ళు వెంట ఏయే మందులు సర్దుకోవాలో ఈమధ్య ప్రతివాడూ చెబుతున్నాడు. దూది, కట్టు గుడ్డలు, గాయం చీము పట్టకుండా పూసే మందు, ముల్లు తీసే చిమటా, కాళ్ళకు మంచి బూట్లు. చెప్పింది తప్పని నేననను. కానీ ఆ డబ్బా మూత ఎవరి కోసం తీస్తారు, ముందు ఎవరికి పూస్తారు అన్న మాట మాత్రం ఒక్కరూ ఎత్తరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా పావగడ తాలూకాలో వానలు వరుసగా ఎగ్గొట్టిన కాలమది. పొలమంతా శనక్కాయే. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసేది. చెట్టు పీకితే వేళ్ళకు మట్టి తప్ప ఏమీ ఉండేది కాదు. కాయ లేకపోతే మనిషి ఎక్కడో కూలి చేసుకొని బతుకుతాడు. చెట్టూ ఎండి రాలిపోయి, మేతకు శనక్కట్టె లేకపోతే ఎద్దు ఏం తిని బతుకుతుంది? ఆ ఏడు మా కొట్టంలో మేత పూర్తిగా అయిపోయింది. మధుగిరి అవతల కొండల సందుల్లో గడ్డి ఇంకా మిగిలి ఉందని సంతలో ఎవరో చెప్పారు. కాడెద్దులను తోలుకొని నడిచి పోదామన్నాడు మా అన్న. తారు రోడ్డు మీద గిట్టలు అరిగిపోతాయి కనుక కొండల మీది కనుమ దారే పట్టాలన్నాడు.

మా ఇంటి మాట తెలుగే అయినా మా తాలూకా కన్నడ రాష్ట్రంలో ఉంది. నేను బడిలో చదివింది కొంచెమే, అదీ కన్నడం. తెలుగు చదవడం కిరాణా పొట్లాలు విప్పుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. చేతికి ఏ కాగితం దొరికినా వదిలేవాణ్ణి కాదు. మా ఊరికి వచ్చే కంపౌండరు దగ్గర గాయాలకు ఏం చేయాలో చెప్పే కన్నడ పుస్తకమొకటి ఉండేది. దాన్ని అడిగి తెచ్చుకొని రెండు మూడు సార్లు చదివాను. అందులో ఉన్నట్టే ఒక పాలపొడి డబ్బా కడిగి ఎండబెట్టి, మందులు సర్దడం మొదలుపెట్టాను.

కట్టు కోసం తెల్ల పంచె ఒకటి చింపబోతుంటే వదిన పరుగెత్తుకొచ్చింది.

“ఏంప్పా ఇది! పయనం పోయే దినం ఇంట్లో తెల్లగుడ్డ చింపుతారా? తెల్లగుడ్డ చింపేది ఎప్పుడో నీకు తెల్దా?”

“కట్టుకు గుడ్డ కావాల కదా వదినా.”

“దెబ్బ తగలకముందే కట్టా? పిలిచి తెచ్చుకున్నట్ల ఉండాది.”

చివరికి తన పాత పూల చీర తెచ్చి నా ముందు పడేసింది. దాన్నే పట్టీలుగా చింపి, నీళ్ళలో ఉడకబెట్టి, ఎండకు ఆరేసి చుట్టలు చుట్టాను. డబ్బాలో దూది, టించర్ సీసా, సబ్బు ముక్క, సూది, చిమటా, బ్లేడు పెట్టాను. విరేచనాలు పట్టుకుంటే నీళ్ళలో కలుపుకోవడానికి ఉప్పు, చక్కెర పొట్లాలు పెట్టాను. వీటితోపాటు ఒక పెద్ద సీసా నిండా కాచి చల్లార్చిన నీళ్ళు పోసి బిరడా బిగించాను. గాయాన్ని ముందు నీళ్ళతో కడగాలని, తర్వాతే మందని పుస్తకంలో గట్టిగా రాసి ఉంది.

అన్న ఆ సీసా ఎత్తి చూసి నవ్వాడు.

“నీళ్ళు గూడా మందేనా? రేయ్, ఊర్లో జనం బిందె నీళ్ళకు కొట్లాడతాండారు, నువ్వు సీసాలో దాచిపెడ్తాండావు.”

“అది తాగేదానికి కాదన్నా. పుండు కడిగేదానికి.”

“పుండు లేదు కదప్పా.”

ఆయన సర్దుకున్న సంచిలో అంతా ఎద్దుల సరంజామా. వేపనూనె, పసుపు, కడుపుబ్బరానికి వాము, కొమ్ములకు పూసే ఆముదం. మనిషి కోసం పిడికెడు పొగాకు. అంతే.

తొలి రోజు బాగానే నడిచాం. మర్నాడు పొద్దున కనుమ ఎక్కుతుంటే కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు, దాపటిది, కుంటడం మొదలుపెట్టింది. ముందుకాలి లాడం ఊడి ఎక్కడో పడిపోయింది. గిట్ట చీలి, ఆ సందులో పలుగురాయి ముక్క ఇరుక్కుంది. నెత్తురు కారుతోంది. అన్న కింద కూర్చొని ఎద్దు కాలు తన తొడ మీద పెట్టుకున్నాడు.

“డబ్బా ఇట్ల తే.”

“అది మనుషులదన్నా. నీ వేపనూనె ఉండాది కదా.”

“వేపనూనె పురుగులకు. పోయిన ఏడు పశువుల డాక్టరు ఈ టించరే పూసినాడు, నేను చూసినా. తే.”

“దారిలో మనకేమన్నా అయితే?”

“ఎద్దు పడితే సేద్యం పడ్తాది. మనిషి పడితే లేస్తాడు. తేరా!”

డబ్బా నా చేతిలోంచి ఆయనే లాక్కున్నాడు. కాచిన నీళ్ళన్నీ గిట్ట కడగడానికి పోయాయి. సబ్బు అరిగిపోయింది. దూదంతా టించర్‌లో తడిపి చీలికలో కూరాడు. పూల చీర పట్టీలన్నీ చుట్టాడు. అంతటితో ఆగలేదు. లారీ టైరుతో కుట్టించుకున్న తన మొద్దు చెప్పు ఒకటి విప్పి, కొడవలితో గిట్ట కొలతకు కోసి, గోనెపట్టాతో ఎద్దు కాలి కింద కట్టాడు. ఎద్దు అడుగు వేసి చూసుకుంది. నడిచింది. అన్న మొహంలో ఆ వెలుగు చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది.

“మరి నీ కాలికి?” అన్నాను.

“ఒక కాలికే చెప్పు యేసుకుంటే ఎద్దుకంటే నేనే ఎక్కువ కుంటుతా” అని రెండో చెప్పు కూడా విప్పి భుజాన వేసుకున్నాడు. నావి వేసుకోమన్నాను. “నీ చెప్పు నా బొటనేలికి వస్తాది” అన్నాడు.

కనుమ దిగేటప్పుడు అన్నకు కంపముల్లు దిగింది. కుడి పాదంలో, వేళ్ళ మొదట్లో. లాగితే బయటి ముక్క వచ్చింది, కొన లోపలే విరిగింది. సూది, చిమటా తీసి కూర్చున్నాను. కాలి మీద పేడ, మట్టి, ఎద్దు నెత్తురు ఎండిపోయి ఉన్నాయి. తాగడానికి తెచ్చుకున్నవి కూడా అయిపోయి, కడగడానికి చుక్క నీళ్ళు లేవు. పూయడానికి చుక్క మందు లేదు. సూదిని అగ్గిపుల్ల మంట మీద కాల్చి కెలికాను. ముల్లు ఇంకా లోపలికి పోయిందే కానీ రాలేదు.

“చాలు ఆపు. జిల్లేడు పాలు పోస్తే అదే వస్తాది. మా నాయనకు అట్లే వచ్చింది” అన్నాడు. ఆయన నాయన అంటే నాకూ నాయనే. ఆ నాయన పాదాల్లో ఎన్ని ముళ్ళు మిగిలిపోయాయో ఎవరు చూశారు? అన్న దారి పక్కన జిల్లేడు ఆకు తుంచి, ఆ పాలు గాయంలో పిండుకొని, మట్టి అద్ది లేచాడు.

మరుసటి రోజుకు పాదం ఉబ్బింది. ఆ మరునాటికి మడమ దాకా ఎర్రబడింది, ఒళ్ళు కాలిపోతోంది. అయినా కట్టె ఊతంగా నడుస్తూనే ఉన్నాడు. గడ్డి దగ్గర్లోనే ఉందట. కొండ కింద ఒక చిన్న ఊరొచ్చింది. ఊరి మొదట్లో ఆరోగ్య కేంద్రం కనబడగానే నా ప్రాణం లేచి వచ్చింది. తలుపుకు తాళం. ఎదురుగా కల్లంలో ఒక ముసలామె చింతపండు గింజలు కొడుతోంది.

“డాక్టరమ్మ యాడికి పోయిందవ్వా?”

“వచ్చింటే గదప్పా పోయేది!” అంది ఆమె తలెత్తకుండా.

తర్వాత అన్న కాలు చూసి గింజలు పక్కన పెట్టింది. “అయ్యో, ఇది ఈడ కుదిరేది కాదు. బస్సు వస్తాది, ఎక్కించు.”

“ఎద్దులు?” అన్నాడు అన్న.

“నా కల్లంలో కట్టేసి పోండి.”

“ముక్కూ మొగం తెలీనోళ్ళింట్లో కట్టేసి పోవాల్నా?” అని నన్ను చూశాడు.

“నీ ఎద్దుల్ని నేను తింటానా ఏంది? నా నోట్లో పండ్లే లేవు” అంది ముసలామె.

అన్న కదల్లేదు. ఆ రోజు నా జీవితంలో మొదటిసారి అన్న మీద గొంతెత్తాను. “నీ కాలు పోతాదిరా!” అని అరిచాను. రా అన్నానని అప్పుడు నాకు తెలియలేదు, ఆయనకు తెలిసింది. నా భుజం పట్టుకొని బస్సెక్కాడు.

పెద్దాసుపత్రిలో చాలా రోజులున్నాం. ధనుర్వాతం సూది వేశారు, ప్రాణానికి భయం లేదన్నారు. కానీ చీము ఎముకకు పట్టింది. వేళ్ళు, వాటితో పాటు పాదం ముందు భాగం తీసేయక తప్పదన్నాడు డాక్టరు. “మొదట్లోనే శుభ్రంగా కడిగి కట్టు కట్టి ఉంటే ఇంత దూరం వచ్చేదా? మందులేవీ పెట్టుకోకుండా కొండలు దాటుతారా మీరు?” అని నన్నే తిట్టాడు.

అన్నీ పెట్టుకున్నామని చెప్పాను. నీళ్ళతో సహా చెప్పాను. అవి ఎక్కడికి పోయాయో కూడా చెప్పాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పగలబడి నవ్వాడు. పక్కనున్న నర్సును పిలిచి, “వీళ్ళు ఎద్దుకు ఫస్ట్ ఎయిడ్ చేశారంట” అని కన్నడంలో చెప్పాడు. ఆమె కూడా నవ్వింది.

అప్పటిదాకా నా కోపమంతా అన్న మీదే ఉండేది. ఆ నవ్వు విన్నాక అది ఎటు పోవాలో తెలియలేదు. ఎద్దు ఆ కనుమలో కూలబడి ఉంటే మేం ఏమయ్యేవాళ్ళం? జత ఎద్దుల్లో ఒకటి పోతే రెండోదానికి కాడి లేదు. కాడి లేకపోతే వాన వచ్చినా మాకు పొలం లేదు. నవ్విన వాళ్ళకు ఇది తెలియదు. అలాగని అన్న చేసింది సరి అని ఒప్పుకోవడానికీ నాకు నోరు రాదు. ఒకే సీసా నీళ్ళు ఎద్దుకా మనిషికా అని ఎంచుకోవలసిన దారిలో మమ్మల్ని నడిపించిన వాళ్ళను ఎవరు తిడతారు? పంట ఎండినప్పుడు మేత పంపిస్తామని జీపుల్లో వచ్చి చెప్పిపోయిన వాళ్ళు ఒక్క మోపు కూడా పంపలేదు. ఆరోగ్య కేంద్రానికి గోడలు కట్టి తాళం వేసినవాళ్ళు వేరే. వాళ్ళెవరికీ పాదం పోలేదు.

కాలు కోసిన మరుసటి రోజు అన్న కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, “దాపటిది కాలు మోపుతాండాదా?”

“నాకేం తెలుసు” అన్నాను. నిజంగానే తెలియదు. తర్వాత పోయి చూస్తే ముసలామె రోజూ కట్టు విప్పి పసుపు పెడుతూ వచ్చిందట. గిట్ట మానింది.

వానలు ఆలస్యంగానైనా పడ్డాయి. విత్తనం వేసే రోజు వచ్చింది. మా ఊళ్ళో గొర్రు పట్టి సాలు నేరుగా తోలడంలో అన్నను మించినవాడు లేడు. గొర్రు పట్టినవాడు పాదం ముందు భాగంతోనే నేల తొక్కి నిలదొక్కుకోవాలి. ఆయనకు అదే లేదు. గట్టు మీద కర్ర పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. గొర్రు నేను పట్టాను. వదిన పక్కనే నడుస్తూ, గొర్రుకున్న గొట్టాల పైని చెక్క గిన్నెలో గింజలు వదులుతోంది. దాపటెద్దు చక్కగా నడుస్తోంది. నా సాలే వంకర పోతోంది.

“ఏందప్పా అది, పాము పోయినట్ల పోతాండాది!” అని గట్టు మీద నుంచి అరిచాడు అన్న. “నీకు రెండు కాళ్ళూ ఉండాయి కదా, సక్కగా నడిచేదానికేమి?”

నేను వెనక్కి తిరగలేదు. ఎద్దులను అదిలించాను. వదిన చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగింది. ఆ ఏడు ఆ సాలులో జానెడు మేర మొలక రాలేదు.