జానీ కోసం మోసుకొచ్చిన నీళ్లు

వాన పడితే మా వీధి చివర ధాన్యం బస్తాల మీద కప్పిన కాన్వాసు పట్టా నుంచి ఒక వాసన వస్తుంది. తడిసిన ముతకబట్ట, పాత నూనె, కొంచెం మట్టి కలిసిన ఆ వాసనకు ఎవరైనా ముక్కు మూసుకుంటారేమోగాని, నాకు మాత్రం ఎండాకాలం సెలవులు గుర్తొస్తాయి, మా నాయన జీపు గుర్తొస్తుంది, ఆ జీపు ముందు బంపరుకు వేలాడుతూ దారి పొడుగునా చుక్కలు చుక్కలుగా కారుతూ వచ్చే నీళ్ల సంచి గుర్తొస్తుంది. మొన్న తొలకరికి ఆ వాసన కిటికీలోంచి లోపలికి రాగానే, మంచం మీదున్న మా చెల్లెలు జానీ మెడ తిప్పలేక కళ్లు మాత్రం నావైపు తిప్పి, దాహంగా ఉందక్కా అంది. అంతకు కాసేపటి ముందే గ్లాసెడు తాగింది. ఆ దాహం ఎక్కడిదో నాకు తెలుసు.

మా నాయన జీపు మెకానిక్కు. బొల్లాపల్లి అవతల, అడవి అంచున ఉన్న మా ఊళ్లో రోడ్డు పక్కన ఆయనకు ఒక తాటాకుల షెడ్డు ఉండేది. ఎవరో పాత ఇనప సామాన్ల కింద అమ్మేసిన జీపును తెచ్చుకుని, దాని పేగులన్నీ బయటికి లాగి, కడిగి, మళ్లీ కూర్చి, ఆకుపచ్చ రంగేసి రోడ్డెక్కించాడు. దానికి తలుపులు లేవు. హ్యాండిలు పెట్టి తిప్పితే గాని స్టార్టయ్యేది కాదు, తిప్పినప్పుడల్లా నాయన ఇంజన్ను బతిమాలేవాడు, తర్వాత తిట్టేవాడు. వెనక చెక్క సీట్ల మీద మా మామయ్య తన చేత్తో కుట్టిన దూది పరుపులు పరిచేవాళ్లు. మా సెలవులన్నీ ఆ పరుపుల మీదే గడిచాయి.

నేను మాత్రం అమ్మానాయనల దగ్గర పెరగలేదు. జానీ కడుపున పడ్డప్పుడు అమ్మకు ఒంట్లో బాగుండక, అప్పుడప్పుడే నడుస్తున్న నన్ను అమ్మమ్మ మాచర్ల తీసుకుపోయింది. తర్వాత బడి సాకుతో అక్కడే ఉంచేసుకుంది. అందుకని ఏడాదంతా నేను ఎదురుచూసింది ఆ జీపు కోసమే. బడికి సెలవులివ్వగానే కారెంపూడి, దుర్గి మీదుగా నెత్తి నిండా ఎర్రదుమ్ముతో వాళ్లు దిగేవాళ్లు. జీపు మలుపు తిరగకముందే దాని దగ్గు వినిపించేది, నేను వీధిలోకి పరుగెత్తేదాన్ని. నాయన నన్ను ఎత్తుకుని బానెట్ మీద కూర్చోబెడితే, కింద కాలేది, అయినా దిగేదాన్ని కాదు.

నీళ్ల సంచి సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో దూరం పోయే లారీలకీ జీపులకీ కాన్వాసు సంచిలో నీళ్లు నింపి ముందు వేలాడదీసేవాళ్లు. గాలి తగిలి బట్టలోంచి చెమ్మ ఊరుతుంటే లోపలి నీళ్లు కుండ నీళ్లకంటే చల్లగా ఉండేవి. మా సంచిలోవి మా ఊరి బోరింగు నీళ్లు. అవి జానీవి. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

ఆ బోరింగును మా ఊరికి తెచ్చింది నాయనే. పాత బావి నీళ్లు ఒట్టి ఉప్పు, వాటితో పప్పు ఉడికేది కాదు, తలంటుకుంటే జుట్టు చింపిరి చింపిరిగా అయ్యేది. నాయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి బోరుబండిని వెంటబెట్టుకుని ఊళ్లోకి వచ్చాడట. చానా లోతుకు దించితే గాని నీళ్లు పడలేదట. పడ్డాక తాగి చూస్తే కొబ్బరి నీళ్లేనట. ఊరంతా నాయన మెడలో దండ వేసి, బోరింగును మా ఇంటి ముందే పెట్టించారు. దాని హ్యాండిలు కిర్రుమన్నా, వాషరు పోయినా నాయనే విప్పి బాగుచేసేవాడు, ఒక్కనాడూ ఎవరినీ ఏమీ అడగలేదు.

జానీ ఏడాది పిల్లగా ఉన్నప్పుడు మాచర్ల తెచ్చారట. మాచర్లలో మేం తాగేవి సాగరు కాలవ నీళ్లు, కొత్త నీళ్లు వచ్చినప్పుడు టీ రంగులో ఉండేవి, అమ్మమ్మ పటిక తిప్పి తేర్చేది. అవి తాగిన మర్నాటికి పిల్లకు వాంతులూ విరేచనాలూ పట్టుకుని, చావు దాకా పోయి వచ్చింది. అప్పటినుంచి అమ్మకు ఒకటే మాట, దీనికి నీళ్లు మారితే పడదు. ఎక్కడికి కదిలినా సంచి కదలాల్సిందే. అందులోనూ ఊరికే నింపేది కాదు. పెద్ద గిన్నెలో సగానికి సగం ఇంకిపోయేదాకా మరిగించి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి నింపేది. మామూలు పిల్లనని నన్ను కాలవ నీళ్లకు వదిలేసి, దాని కోసం మాత్రం ఇంత చేస్తున్నారని నాకు లోపల మంటగా ఉండేది. ఒకసారి ఏడ్చి గోల చేస్తే అమ్మ మూతతో కొంచెం పోసింది. నిజంగానే తియ్యగా ఉన్నాయి.

మొదటి సెలవులు ఎంత బాగుండేవో చెప్పలేను. ఎత్తిపోతల జలపాతానికి పోయేవాళ్లం. అమ్మమ్మ తెల్లారకముందే లేచి పలావు వండేది, గిన్నెకు తడిగుడ్డ చుట్టి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చునేది. దారిలో తాటిముంజలు కొని బొటనవేలితో తోడుకుని తింటుంటే రసం మోచేతుల దాకా కారేది. నీళ్ల హోరు రోడ్డు మీదికే వినపడేది. నేనూ జానీ చేతులు పట్టుకుని మెట్లు దిగి, తుంపర మొహాన పడేదాకా పోయి, మొసలి వస్తుందని ఒకరినొకరం భయపెట్టుకుని మళ్లీ పైకి పరుగెత్తేవాళ్లం. ఆ తొలి ఏడు నాకంటే ముందు పైకి చేరింది అదే. సాయంత్రం సాగరు డ్యాము గోడ నీడలో పరుపులు పరుచుకుని, మామయ్య పాటలు పాడుతుంటే నాయన మా ఇద్దరినీ చెరో తొడ మీద వేసుకుని పడుకునేవాడు. నాకు నాయన ఒళ్లు దొరికేది ఏడాదికి ఆ కొద్ది రోజులే.

తర్వాతి సెలవులకు జానీ మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. కాళ్లు లాగుతున్నాయంది. మరుసటేడు దాని మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, నడుస్తుంటే పాదాలు పక్కలకు పోతున్నాయి. ఆ పై ఏడు నాయనే భుజాన వేసుకుని దించాడు, ఎక్కించాడు. అది నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేది, పళ్ల మీద గోధుమరంగు గార చారలు. ఒకనాడు నా నోరు తెరిపించి చూసి, దేంతో తోముకుంటావక్కా అని అడిగింది. మా ఊళ్లో పిల్లలందరి పళ్లూ అట్లాగే ఉంటే, ఆ ఊరి పళ్లే అంత అనుకున్నాం. కాళ్లకు దిష్టి తీశారు, దర్గాలో తాయెత్తు కట్టించారు, నువ్వుల నూనె కాచి మర్దన చేశారు. అమ్మ నీళ్లను ఇంకా ఎక్కువసేపు మరిగించింది. గచ్చకాయల ఆటలో మాత్రం దాన్ని గెలిచినవాళ్లు లేరు, కాళ్లు చాపుకుని కూర్చుని గంటలకొద్దీ అదే ఆడేది కదా.

అమ్మమ్మకు చదువు లేదుగాని కళ్లున్నాయి. ఒక ఏడు వాళ్లు బయల్దేరుతుంటే జీపుకు అడ్డం నిలబడింది.

"ఏమే, పెద్దది ఈ నీళ్లు తాగే గదా ఇట్టా పెరిగింది. దీన్ని గూడా నాకాడ ఉంచి పో."

"ఒకసారి చూసింది చాల్దా అమ్మా? దానికి నీళ్లు మారితే పడదు. నా బిడ్డను చంపుకోమంటావా?" అంది అమ్మ.

అమ్మమ్మ పక్కకు తప్పుకుంది. జీపు వెళ్లిపోయింది. బంపరుకు సంచి ఊగుతూ, దుమ్ములో చుక్కలు రాలుస్తూ పోయింది. నేను ఆ చుక్కల వెంట మలుపు దాకా నడిచాను.

ఆ ఏడాదే నీళ్లు పరీక్ష చేసేవాళ్లు ఊళ్లోకి వచ్చి సీసాల్లో పట్టుకుపోయారు. కొన్నాళ్లకు తిరిగొచ్చి మా బోరింగుకు ఎర్రరంగు పూశారు. ఈ నీళ్లలో ఫ్లోరైడు ఉంది, తాగితే పళ్లు గారపడతాయి, పెరిగే పిల్లల ఎముకలు వంకరపోతాయి, మరిగిస్తే పోదు సరికదా ఇంకా చిక్కబడుతుంది అని చెప్పారట. రంగు డబ్బా మూత రాకపోతే స్క్రూడ్రైవరుతో తీసిచ్చింది నాయనే. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడని అమ్మ చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పింది.

"కాన్వాసు సంచిలో రెండ్రోజులు ఉంచితే ఏమన్నా తగ్గుద్దా అయ్యా?"

ఏం సంచి అన్నాడట ఆ పరీక్ష చేసినాయన.

ఆ ఎండాకాలం జీపు వచ్చినప్పుడు బంపరు బోసిగా ఉంది. అమ్మ దిగి అమ్మమ్మ మొహం చూడలేక నేరుగా వంటింట్లోకి పోయింది. మర్నాడు సాగరు పోయాం. అన్నం తిన్నాక జానీ తన నీళ్లేవని అడిగింది. అమ్మ కూజాలోంచి కాలవ నీళ్లు వంచి ఇచ్చింది. ఒక గుక్క తాగి మొహం పక్కకు పెట్టింది.

"చప్పగా ఉన్నయ్యమ్మా. నా నీళ్లు కావాలి."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన లేచి జీపు దగ్గరికి పోయి, ఏ రిపేరూ లేని ఇంజన్ బానెట్ ఎత్తి అందులో తలపెట్టి నిలబడ్డాడు. మేం బయల్దేరేదాకా బయటికి తియ్యలేదు. ఆ తర్వాత మేం మళ్లీ ఎక్కడికీ పోలేదు.

జానీని మా దగ్గరే వదిలిపెట్టారు. కాలవ నీళ్లు దానికి పడ్డాయి, ఒక్కరోజు కూడా కడుపునొప్పి అనలేదు. కాని వంగిన ఎముక వంగినట్టే ఉండిపోయింది, వయసు పెరిగేకొద్దీ వెన్నూ మెడా కూడా బిగుసుకుపోయాయి. ఊళ్లో రంగైతే పూశారుగాని వేరే నీళ్లు మాత్రం ఏళ్లతరబడి ఇవ్వలేదు. పాత బావి ఎండిపోయాక జనం ఆ ఎర్ర బోరింగునే కొట్టుకుని తాగారు, మా అమ్మానాయనా అవే తాగి, నడుములు వంగిపోయే పోయారు. హ్యాండిలు విరిగితే నాయనే వెల్డింగు పెట్టేవాడట, కొట్టేవాళ్ల మొహాలు చూడకుండా. ఇదంతా తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

ఇప్పుడు మా ఊరికి సాగరు నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. బోరింగు పీకేశారు. జీపు ముక్కలు ముక్కలుగా పాత ఇనుములో కలిసిపోయింది, పరుపులు కుట్టే మామయ్య లేడు, పలావు గిన్నెకు తడిగుడ్డ చుట్టే అమ్మమ్మ లేదు. సంచిని ఆనాడే నాయన కత్తిరించి గ్రీజు తుడిచే గుడ్డలు చేశాడు. బంపరుకు నీళ్ల సంచి కట్టే బండి ఇప్పుడు ఎక్కడా కనపడదు.

మొన్న వానలో జానీకి మళ్లీ గ్లాసుతో నీళ్లు తెచ్చాను. దాని మోచెయ్యి వంగదు కాబట్టి, తల కింద చెయ్యి పెట్టి లేపి, నేనే తాగించాలి. రెండు గుక్కలు తాగి, చాలన్నట్టు పెదవులు బిగించింది. బయట పట్టా వాసన ఇంకా వస్తూనే ఉంది.

"బాగానే ఉన్నయ్ లే అక్కా," అంది. కళ్లు కిటికీవైపు తిప్పి, "అయ్యి మాత్రం కావు" అంది.