వసంత అడిగిన లైటు

దయ్యం అనే మాట వింటే నాకు భయం కంటే చిరాకు ఎక్కువ. ముప్పై ఏళ్ళుగా రేణిగుంటలో కార్లకు, లారీలకు కరెంటు పని చేస్తున్నాను. హారన్ దానంతటదే మోగిందనీ, వైపర్లు ఎవరో తిప్పినట్టు తిరిగాయనీ బండికి నిమ్మకాయలు కట్టుకుని నా షెడ్డుకు వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. కరెంటుకు దారి దొరికితే పోతుంది, దొరక్కపోతే ఆగిపోతుంది. ఎక్కడో వైరు ఒరిసి ఉంటుంది, ఎక్కడో నీళ్ళు దిగి ఉంటాయి. దొరకలేదంటే మనం సరిగా వెతకలేదని అర్థం.

ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను, ఒక్క కారు విషయంలో తప్ప. ఆ కారు నాదే.

ఇరవై రెండేళ్ళ పాత తెల్ల కారు అది. ఒకాయన వదిలించుకుంటుంటే తీసుకున్నాను. నా భార్య వసంతకు రెండు కిడ్నీలూ పాడయ్యాక, వారానికి మూడు రోజులు తిరుపతికి డయాలసిస్‌కు తీసుకుపోవడానికి ఆ కారే దిక్కయింది. మంగళ, గురు, శనివారాలు. మాకు ఇచ్చింది మొదటి షిఫ్టు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఇంట్లోంచి బయలుదేరేవాళ్ళం.

వసంతది నగరి. పుట్టింట్లో అందరిదీ నేతపనే. చేతిమగ్గాలు పోయి పవర్‌లూమ్‌లు వచ్చినా పోగు తెగడం మానదు కదా. తెగిన పోగును అతకడంలో ఆమె చెయ్యి చూసి తీరాల్సిందే. నాతో మాట్లాడుతూనే, వేళ్ళవైపు చూడకుండానే ముడి వేసేది. మిగిలిన కొసను పంటితో కొరికేసేది. పెళ్ళయిన కొత్తలో ఆ ముడి నేర్పమని అడిగాను. వారం రోజులు ప్రయత్నించి వదిలేశాను. "వైర్లు మెలేసే చేతులకు ఇది రాదులే" అని నవ్వింది.

డయాలసిస్ మొదలైన ఆరు నెలలకు కారు లోపలి లైటు మొరాయించింది. పైకప్పుకు ఉంటుందే, తలుపు తీస్తే వెలిగి, వేస్తే ఆరిపోయే లైటు, అది. తలుపు సందులోని స్విచ్ తుప్పు పట్టి, తలుపు వేసినా ఆరడం మానేసింది. రాత్రంతా వెలిగి బ్యాటరీని తాగేసింది. ఒక గురువారం పొద్దున తాళం తిప్పితే టిక్కుమనడం తప్ప ఏమీ లేదు. వీధిలో నలుగురిని లేపి తోయించి బండిని లేపేసరికి ఆలస్యమైంది. ఆస్పత్రికి చేరేటప్పటికి వసంత మిషన్‌ను వేరేవాళ్ళకు ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా ఆ ఉబ్బిన కాళ్ళతో బెంచీ మీద కూర్చుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆస్పత్రి ఆవరణలోనే లైటు ఊడదీసి, దానికి వచ్చే వైరును కటింగ్ ప్లేయర్‌తో తెంపేశాను. రెండు కొసలనూ లోపలికి తోసి లైటు బిగించేశాను. స్విచ్ మార్చి రేపు అతికిస్తానని వసంతతో చెప్పాను.

ఆ రేపు రాలేదు. దీపం కింద చీకటి అంటారే, అది మా ఇంటి సంగతే. ఊళ్ళోవాళ్ళ బండ్లన్నిటికీ వెలుతురు ఇచ్చే మనిషిని, సొంత కారుకు మూడు అంగుళాల వైరు అతికించలేదు. అంతటితో ఆగానా అంటే అదీ లేదు. ఒకరోజు ఒక కస్టమర్ బండికి ఫ్యూజ్ కావలసి వస్తే, ఎట్లాగూ వాడడం లేదు కదా అని నా కారులో ఆ లైటు ఫ్యూజ్‌నే పీకి వేసేశాను. మా పనిలో ఇది మామూలు. తర్వాత వేద్దామనుకుంటాం, మరిచిపోతాం.

వసంత మాత్రం మరిచిపోలేదు. చీకట్లో కారెక్కాలి. చెప్పు జారితే వెతుక్కోవాలి. ఫైలు, మాత్రల డబ్బా, దుప్పటి అన్నీ తడుముకుంటూ సర్దుకోవాలి.

"ఏమయ్యా, ఆ లైటు ఎప్పుడు చేస్తావు? కాలు యాడ పెడతా ఉండానో కూడా తెలీడం లేదు" అనేది.

"ఆదివారం చేస్తా."

"పోగు తెగితే మేము రెప్పపాటులో ముడేస్తాం. నువ్వు తెంపిన వైరు నువ్వే అతికించలేకపోతే యాడి మెకానిక్కువయ్యా నువ్వు."

ఎప్పుడూ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆ రోజే చేసి ఉండేవాణ్ణేమో. ఒకటిన్నర సంవత్సరం అలా నవ్వుతూ అడిగి, చీకట్లోనే ఎక్కి, చీకట్లోనే కూర్చుంది. ఒక శనివారం డయాలసిస్ మధ్యలో గుండె ఆగిపోయింది. వెనక్కి వచ్చేటప్పుడు కారులో నేనూ, నా కూతురు లావణ్యా మాత్రమే ఉన్నాం.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలందరూ వెళ్ళిపోయారు. లావణ్య ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, తన షిఫ్టులకు తను పోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత వచ్చిన మంగళవారం నాలుగు గంటలకు నాకు అలవాటుగా మెలకువ వచ్చింది. లేచి మొహం కడుక్కుని, స్టవ్ వెలిగించి, నీళ్ళు కాచి ఫ్లాస్కులో పోశాను. వసంతకు దారిలో వేడినీళ్ళు కావాలి. మూత బిగించాక గానీ గుర్తు రాలేదు, ఇంక ఎవరినీ ఎక్కడికీ తీసుకుపోనక్కర్లేదని.

ఫ్లాస్కు పట్టుకునే వాకిలి తలుపు తీశాను. రేకుల కింద కారు ఉంది. లోపల లైటు వెలుగుతోంది.

తలుపులు నాలుగూ వేసే ఉన్నాయి. పసుపుపచ్చ వెలుతురులో వెనక సీటు మీద ఆమె మడిచి పెట్టిన దుప్పటి కనబడుతోంది. నేను చూస్తుండగానే మెల్లగా తగ్గి ఆరిపోయింది. ఎంతసేపు వెలిగిందంటే, వసంత కాలు లోపల పెట్టి, కొంగు సర్దుకుని, తలుపు లాక్కునేంత సేపు.

నేను అరవలేదు, పరుగెత్తలేదు. మొదట వచ్చిన ఆలోచన, బ్యాటరీ దిగిపోతుందే అని. తెల్లవారాక ఫ్యూజ్ పెట్టె తెరిచాను. ఆ లైటు ఫ్యూజ్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. టెస్ట్ ల్యాంప్ పెట్టి చూస్తే ఒక పక్క కరెంటు ఉంది, లైటుకు పోయే పక్క లేదు. ఉండాల్సినట్టే ఉంది. స్విచ్ తుప్పు పట్టి అలాగే ఉంది. లైటు దగ్గర వైరు నేనే తెంపాను. ఇన్ని తెగి ఉన్నాక వెలగడానికి దారి లేదు.

గురువారం మళ్ళీ వెలిగింది. ఈసారి లావణ్యను లేపాను, తనూ చూసింది. బుధవారం లేదు, శుక్రవారం లేదు. శనివారం ఉంది. ఐదు వారాలు కాయితం మీద రాసుకున్నాను. మంగళ, గురు, శని, నాలుగున్నర. ఒక్క రోజు తప్పలేదు.

నా బుర్ర ఒక కారణం పట్టుకుంది. పాత బండి, పైకప్పు కింద వైర్లన్నీ ఒకే కట్టగా పోతాయి. వేరే వైరు ఒరిసి దీనికి తగులుతూ ఉండొచ్చు. తెల్లవారుజామున చలికి కారు పైకప్పు రేకు ముడుచుకుని ఉండొచ్చు. రోజులు ఎందుకు లెక్కగా వస్తున్నాయో మాత్రం చెప్పలేకపోయాను. విప్పి చూస్తానని లావణ్యతో అన్నాను.

"వద్దు నాయనా. దాన్ని కదిలించొద్దు, అట్నే ఉండనీ."

"యాడో వైరు ఒరస్తా ఉండాదమ్మా. బండి అంటుకుంటే?"

"అంటుకుంటే అంటుకోనీ. అమ్మ వచ్చి కూర్చుంటా ఉండాది. నీకు తెలీడం లేదా?"

తెలియకేం. ఆ మూడు రోజులూ నేను ఫ్లాస్కు నింపడం మానలేదు. ఒక శనివారం ముందే పోయి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను కూడా. నాలుగున్నరకు నా వెనక వెలుతురు వచ్చింది. నా నీడ స్టీరింగ్ మీద పడింది. అద్దంలో చూడొచ్చు, కళ్ళు కొంచెం పైకి ఎత్తితే చాలు. ఎత్తలేదు. వెనక సీటు ఖాళీగా కనబడుతుందని భయపడ్డాను. ఇప్పుడు ఆ పిరికితనం తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

అయినా ఎందుకు విప్పానంటే, ఆమె అడిగిన పని అది. బతికుండగా చేయలేదు. నిజంగా వస్తూ ఉంటే ఆ లైటు కోసమే వస్తోందేమో, ఇకనైనా సరిగా చేసి పెడదామనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. ఆదివారమే ఎంచుకున్నాను, నేను మాట ఇచ్చిన ఆదివారం. లావణ్య పొద్దుటి షిఫ్టుకు పోయింది.

కారును షెడ్డుకు తీసుకుపోయి కొత్త డోర్ స్విచ్ వేశాను. కొత్త ఫ్యూజ్, కొత్త బల్బు తెచ్చాను. ఆఖరున లైటు స్క్రూలు రెండూ తీసి కిందికి దించాను. వైరుతోపాటు చిన్న ముద్దలాంటిది బయటికి వచ్చింది. ఎవరో పనికిమాలినవాడు వేసిన అతుకు అనుకున్నాను. ముప్పై ఏళ్ళ అలవాటు ఇది, చెత్త అతుకు కనబడితే అటూ ఇటూ కోసి పారేయడం. ఆ వైరు తెంపింది నేనే, అక్కడ అసలు అతుకే ఉండకూడదని తట్టేలోపు చెయ్యి కోసేసింది. తోలు ఒలిచి, రాగి మెలేసి, సాల్డర్ పెట్టి, టేపు చుట్టాను. తలుపు తీస్తే వెలిగింది, వేస్తే ఆరింది. అంత చక్కటి పని ఈ మధ్య చేయలేదు.

సామాన్లు సర్దుతుంటే ఆ ముద్ద నా ఒళ్ళో దొరికింది.

ముడి. చదునుగా, గట్టిగా, రెండు కొసలూ సమానంగా ఉన్న ముడి. నాకు వారం రోజులు నేర్పినా రాని ముడి. కొసల దగ్గర ప్లాస్టిక్ తోలు మీద పంటిగాట్లు ఉన్నాయి.

నగరిలో పోగు కొరికినట్టు వైరు తోలు కొరికి తీసింది. డయాలసిస్ అయ్యాక ఆమెకు కళ్ళు తిరిగేవి. వెనక సీట్లో పడుకోబెట్టి, నీడలో బండి ఆపి, స్పేర్ పార్టుల కోసం నేను గంటసేపు షాపులు తిరిగేవాణ్ణి. ఆ గంటల్లో ఎప్పుడో చేసి ఉంటుంది. నేను లైట్లు ఊడదీయడం వందసార్లు చూసింది, రెండు స్క్రూలు ఆమెకో లెక్క కాదు. నేను ఆదివారం, ఆదివారం అంటుంటే, తనకు వచ్చిన విద్యతో తనే చేసుకుంది.

ఆ ముడిని బ్యాటరీకి, బల్బుకు మధ్య పెట్టి చూశాను. బల్బు వెలిగింది. అతుకు బాగానే ఉంది. ఆమె సరిగ్గానే చేసింది.

లైటు వెలగకపోవడానికి కారణం ఫ్యూజ్. అది నేను పీకి ఎవరికో ఇచ్చేశాను. ఆమెకు అది తెలియదు. తన ముడి పనికిరాలేదనుకుని, నాతో చెప్పడానికి సిగ్గుపడి, మళ్ళీ నవ్వుతూ నన్నే అడిగింది. షెడ్డులో నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆమె పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

మంగళవారం నాలుగున్నరకు లైటు వెలగలేదు. గురువారం లేదు. శనివారం లావణ్య కూడా వచ్చి వాకిట్లో నా పక్కన నిలబడింది. వెలగలేదు. నన్ను తిట్టలేదు. నేను ముడి చూపిస్తే చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"పని బాగానే చేసినావులే నాయనా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత నేను చేసింది తోటి మెకానిక్కులకు చెబితే నవ్వుతారు. బాగున్న అతుకును కోసేశాను. ఆమె ముడిని అదే చోట పెట్టి రెండు పక్కలా అతికించాను. కొత్త స్విచ్ తీసి తుప్పు స్విచ్ వేశాను. పాత బల్బు వేశాను. ఫ్యూజ్ పీకేశాను. ముప్పై ఏళ్ళలో పనిచేసేదాన్ని చెడగొట్టడానికి స్క్రూడ్రైవర్ పట్టుకున్నది అదొక్కసారే. మూడు వారాలు కనిపెట్టుకుని కూర్చున్నాను. ఏమీ లేదు. ఫాల్టును తీసేయడం నాకు వచ్చు, తిరిగి తెప్పించడం రాదు.

ఫ్యూజ్ లేకుండా ఐదు వారాలు ఎలా వెలిగిందో నాకు తెలియదు. ముడి ఉన్నా ఫ్యూజ్ లేనిదే వెలగకూడదు. ముడి కోసి తిరిగి పెట్టాక ఎందుకు ఆగిపోయిందో కూడా తెలియదు. వేరే వైరు ఒరిసిన గుర్తు కట్ట అంతా విప్పినా కనబడలేదు. ఇంకొకరి బండి అయితే సరిగా వెతకలేదని అనేవాణ్ణి.

చివరికి కొత్త ఫ్యూజ్, కొత్త స్విచ్ మళ్ళీ వేశాను. ముడిని మాత్రం తీయలేదు. ఇప్పుడు కరెంటు ఆమె ముడిలోంచే పోతుంది.

మంగళ, గురు, శనివారాలు నాలుగున్నరకు ఫ్లాస్కు తీసుకుని కారు దగ్గరికి పోతాను. వెనక ఎడమవైపు తలుపు తీస్తాను. లైటు వెలుగుతుంది. ఒక మనిషి కాలు లోపల పెట్టి, కొంగు సర్దుకుని, కూర్చునేంత సేపు పట్టుకుని నిలబడతాను. తర్వాత నేనే తలుపు వేస్తాను.